సినిమా పెట్టెకు సంఖ్య తాళం

"పెట్టె వచ్చిందా?"

కొత్త సినిమా విడుదలయ్యే రోజున మన ఊళ్ళ సినిమా హాళ్ళ ముందు ఒకప్పుడు వినిపించే మొదటి ప్రశ్న యిదే. టిక్కెట్ల కిటికీ తెరవకముందే జనం వచ్చి నిలబడేవారు. స్టేషను నుంచో, బస్సు స్టాండు నుంచో రేకు పెట్టెలు రిక్షాలో రావాలి. రెండున్నర గంటల చిత్రమంటే 13,500 అడుగుల ఫిలిం. వెయ్యేసి అడుగుల చుట్టలుగా చుడితే పద్నాలుగు రీళ్ళు. ఆ పెట్టెల వెంట డిస్ట్రిబ్యూటరు పంపిన ప్రతినిధి ఒకాయన కాపలాగా వచ్చేవాడు. పెట్టె ఆయన కళ్ళ ముందున్నంతసేపూ నిర్మాత సొమ్ముకు భయం లేదు.

ఆ పెట్టెలు యిప్పుడు లేవు. ఫిల్మ్ నగర్, జూబిలీ హిల్స్ గుట్టలమీద చిత్రం పూర్తి అయితే అది రీళ్ళుగా కాదు, అంకెలుగా బయలుదేరుతుంది. అరచేతిలో ఇమిడే హార్డ్ డిస్కులో వస్తుంది. లేదా ఉపగ్రహం ద్వారా ఆకాశమార్గాన వస్తుంది. విడుదలకు కొన్ని రోజుల ముందే హాలుకు చేరి, మేనేజరుగారి బల్లమీద పడివున్నా పడివుండవచ్చు. కాని ఆయన దానిని చూడలేడు. ఆపరేటరు చూడలేడు. దొంగ ఎత్తుకుపోయినా చూడలేడు. ఇప్పుడు విడుదలకు ముందు రాత్రి హాళ్ళలో వినిపించే ప్రశ్న మారింది: "తాళపుచెవి వచ్చిందా?"

ఆ తాళపుచెవి ఇనుముది కాదు, ఇత్తడిది కాదు. ఈమెయిలులో వచ్చే ఒక చిన్న కాగితం వంటిది. మరి తాళం దేనితో చేశారు? ఒక సంఖ్యతో. 617 అంకెల పొడవున్న సంఖ్య అది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను హెచ్చవేస్తే వచ్చింది. కోట్ల రూపాయల చిత్రానికి ఒక గుణకారం కాపలా కాయడం ఎలా సాధ్యం? అది తెలియాలంటే ముందుగా వంటింట్లోంచి గుప్పెడు చింతపిక్కలు తెచ్చుకోవాలి.

చింతపిక్కల పరీక్ష

పన్నెండు పిక్కలు తీసుకోండి. మూడు వరసలుగా, వరసకు నాలుగేసి పేర్చవచ్చు. రెండు వరసలుగా, ఆరేసి కూడా పేర్చవచ్చు. ఇంకొక పిక్క కలపండి. పదమూడు అయినవి. ఇప్పుడు ఎన్ని తిప్పలు పడినా ఒక్క బారుగా తప్ప సమానమైన వరసలు కుదరవు. పన్నెండు సంయుక్త సంఖ్య. పదమూడు ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11, 13, 17, 19... ఈ జాతివన్నీ ఇంతే. తమచేతా, ఒకటి చేతా తప్ప మరి దేనిచేతా నిశ్శేషంగా భాగింపబడవు.

సంఖ్యల ప్రపంచానికి ఇవే ఇటుకలు. అరవైని ఎవరు విడదీసినా, ఎక్కడ మొదలుపెట్టినా, చివరకు మిగిలేవి 2, 2, 3, 5. ఆ నాలుగు ఇటుకలు తప్ప వేరే ఇటుకలతో అరవై కట్టలేము.

ఈ ఇటుకలు ఎప్పటికైనా అయిపోతాయా? అయిపోవని యూక్లిడ్ అనే గ్రీకు పండితుడు 2,300 ఏళ్ళ క్రిందటే తేల్చాడు. ఆయన యుక్తి చాల తేలిక. ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ ఇవేనని ఎవరైనా ఒక జాబితా తెచ్చారనుకోండి. వాటన్నిటినీ హెచ్చవేసి ఒకటి కలపండి. ఇప్పుడు వచ్చిన సంఖ్యను జాబితాలోని దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది. కనుక దానిని భాగించే ప్రధాన సంఖ్య ఏదో జాబితాలో లేనిది వుండితీరాలి. ఎంత పొడుగు జాబితా తెచ్చినా ఇదే గతి.

చదరంగపు పలకమీద

ఇక మన తెలుగు నేలమీదికి వద్దాము. పావులూరి మల్లన పేరు విన్నారు కదా? మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చిన తొలి తెలుగు గణితకవి. పదకొండవ శతాబ్దివాడని పెద్దలంటారు. చదరంగపు పలకమీద మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ అరవైనాలుగు గడులూ నింపితే మొత్తం ఎన్ని గింజలో చెప్పే పద్యం ఒకటి ఆయన పేర ప్రసిద్ధం. అంకెలను మాటలలో దాచి, కుడినుంచి ఎడమకు చదివించే పద్యమది. విప్పి చూస్తే వచ్చేది 1,84,46,74,40,73,70,95,51,615.

మన తాతలు ఈ పద్యాన్ని నోటికి అప్పగించేవారు. కాని ఆ పలకమీద ఇంకొక వింత వుంది. అరవైనాలుగు గడులూ నిండేదాకా ఆగకుండా ఒక్కొక్క గడి దగ్గర ఆగి, అంతవరకు వచ్చిన మొత్తం ఎంతో చూడండి. రెండు గడులకు 3. మూడు గడులకు 7. నాలుగింటికి 15. అయిదింటికి 31. ఆరింటికి 63. ఏడింటికి 127. ఇందులో 3, 7, 31, 127 ప్రధాన సంఖ్యలు. అవి వచ్చినది రెండవ, మూడవ, అయిదవ, ఏడవ గడుల దగ్గర. ఆ గడుల అంకెలూ ప్రధాన సంఖ్యలే!

ఐతే గడి అంకె ప్రధాన సంఖ్య అయితే మొత్తమూ ప్రధాన సంఖ్య అవుతుందా? తొందరపడకండి. పదకొండవ గడి దగ్గర మొత్తం 2,047. అది 23ను 89చేత హెచ్చవేస్తే వచ్చేది. లెక్క తప్పింది. అరవైనాలుగు గడులలో ప్రధాన సంఖ్యల గడులు పద్దెనిమిది వున్నాయి. సరిగ్గా సగం, అనగా తొమ్మిది గడుల దగ్గర మొత్తం ప్రధాన సంఖ్య అవుతుంది: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. తక్కిన తొమ్మిదీ మోసం చేస్తాయి.

ఈ జాతి ప్రధాన సంఖ్యలను పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ పేరుతో పిలుస్తారు. 1644లో ఆయన ఒక జాబితా ప్రకటించాడు. ముప్పై ఒకటవ గడి మొత్తం 2,14,74,83,647. అది ప్రధాన సంఖ్యేనని 1772లో నిరూపించినది ఆయిలర్ మహాశయుడు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. అరవై ఒకటవ గడి మొత్తం 23,05,84,30,09,21,36,93,951. మెర్సెన్ దీనిని జాబితాలో వదిలివేశాడు. 1883లో పెర్వూషిన్ అనే రష్యన్ పల్లెటూరి పురోహితుడు అదికూడా ప్రధాన సంఖ్యేనని తేల్చాడు.

మరి మల్లన చెప్పిన మొత్తం? అది ప్రధాన సంఖ్య కాదు. ఏడు ఇటుకలతో కట్టినది: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఈ ఏడింటిలో 65,537ను గుర్తు పెట్టుకోండి. చెన్నపట్నం నుంచి వచ్చి హైదరాబాదు గుట్టలమీద స్థిరపడిన మన చిత్రసీమలో అది మళ్ళీ కనిపిస్తుంది.

మూడేళ్ళ ఆదివారాలు

మెర్సెన్ జాబితాలో 67 కూడా వున్నది. అనగా చదరంగపు పలకకు మరి మూడు గడులు అంటిస్తే వచ్చే మొత్తం ప్రధాన సంఖ్య అని ఆయన నమ్మకం. ఆ మొత్తం 14,75,73,95,25,89,67,64,12,927. అది ప్రధాన సంఖ్య కాదని 1876లో ల్యూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు చూపించాడు. చిత్రమేమిటంటే, కాదని తెలిసింది గాని దాని కారణాంకాలేవో ఆయనకూ తెలియలేదు. లోపల రెండు ముక్కలున్నాయని తెలుసు, ముక్కలు కనబడవు.

1903 అక్టోబరులో న్యూయార్కులో అమెరికా గణితజ్ఞుల సభ జరిగింది. ఫ్రాంక్ కోల్ అనే ఆచార్యుడు లేచి, మాటాడకుండా నల్లబల్ల దగ్గరకు వెళ్ళాడు. ఒక ప్రక్క రెండును అరవై ఏడు సార్లు హెచ్చవేసి ఒకటి తీసివేశాడు. రెండవ ప్రక్క 19,37,07,721ను 7,61,83,82,57,287చేత చిన్నపిల్లవాడు బడిలో చేసినట్టు వరస వరసగా హెచ్చవేశాడు. రెండు జవాబులూ ఒకటే. సుద్దముక్క క్రింద పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వచ్చి కూర్చున్నాడు. సభ అంతా లేచి చప్పట్లు కొట్టింది. ఈ ముక్కలు కనుక్కోవడానికి ఎంతకాలం పట్టిందని తరువాత ఎవరో అడిగితే, మూడేళ్ళ ఆదివారాలు అని ఆయన చెప్పాడంటారు.

ఈ కథలోనే మన సినిమా తాళం వుంది. రెండు ముక్కలను కలపడానికి కొన్ని నిమిషాలు. కలిసినదానిని విడదీయడానికి మూడేళ్ళు. పాలలో తోడు వేయడం తేలిక; పెరుగునుంచి తోడు వేరు చేయమంటే ఎవరి తరం?

మూసేవాడికి తెరవడం రాదు

మామూలు తాళానికి ఒక చిక్కు వుంది. హైదరాబాదులో తాళం వేసినవారు శ్రీకాకుళంలో తెరిచేవారికి తాళపుచెవి పంపాలి. తాళపుచెవి దారిలో దొంగ చేతిలో పడితే? దానిని ఇంకొక పెట్టెలో పెట్టి తాళం వేస్తే, ఆ పెట్టె తాళపుచెవి ఎలా పంపాలి? ఈ చిక్కు రాజుల కాలంనుంచీ వున్నదే.

దీనికి 1977లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో రివెస్ట్, షమీర్, ఏడల్‌మన్ అనే ముగ్గురు యువకులు ఒక మార్గం చూపారు. బ్రిటిష్ ప్రభుత్వ రహస్య విభాగంలో క్లిఫర్డ్ కాక్స్ అనే ఆయన 1973లోనే అదే మార్గం కనుక్కున్నాడు గాని, ఆ సంగతి 1997 వరకు బయటకు పొక్కలేదు. ఆ మార్గం సారాంశం ఇది: మూయడానికి ఒక అంకె, తెరవడానికి ఇంకొక అంకె. మూసే అంకెను ఊరంతా చాటింపు వేయవచ్చు. తెరిచే అంకె హాలు గడప దాటదు.

చిన్న లెక్కతో చూద్దాము. కాగితం, కలం తీసుకోండి. శ్రీకాకుళంలోని హాలు 3, 11 అనే రెండు ప్రధాన సంఖ్యలను రహస్యంగా ఎంచుకున్నదనుకోండి. హెచ్చవేస్తే 33. మూసే అంకె 3. "మా సంఖ్య 33, మూసే అంకె 3" అని అందరికీ చెబుతుంది. హైదరాబాదువారు 4 అనే రహస్యం పంపాలి. నాలుగును మూడుసార్లు వేసి హెచ్చవేస్తే 64. దానిని 33చేత భాగిస్తే శేషం 31. ఈ 31ని పంపుతారు. దారిలో ఎవరు చూసినా చూడనీయండి.

శ్రీకాకుళంవారి దగ్గర తెరిచే అంకె వుంది. అది ఎలా వచ్చింది? తమ రెండు ప్రధాన సంఖ్యలలోనుంచి ఒక్కొక్కటి తగ్గిస్తే 2, 10. హెచ్చవేస్తే 20. మూడు చేత హెచ్చవేసి 20తో భాగిస్తే ఒకటి మిగలాలి. అటువంటి అంకె 7. ఏడు మూళ్ళు ఇరవై ఒకటి కదా! ఇప్పుడు 31ని ఏడుసార్లు వేసి హెచ్చవేస్తే 27,51,26,14,111. దానిని 33చేత భాగించి శేషం చూడండి. నాలుగు! పంపిన రహస్యం చేతికి వచ్చింది.

దొంగకు కావలసిందల్లా 33ను 3, 11గా విడదీయడం. అది మన మూడవ తరగతి పిల్లవాడు చేస్తాడు. కాని 33కు బదులు 617 అంకెల సంఖ్య అయితే? అది విడదీయడానికి ఒక కోల్‌గారి ఆదివారాలు కాదు, కోటిమంది కోల్‌ల జన్మలు చాలవు.

హాలులోని యంత్రం

హాలీవుడ్ స్టూడియోలు కలిసి 2005లో డిజిటల్ సినిమాకు నిబంధనలు ప్రకటించాయి. వాటి ప్రకారం చిత్రాన్ని ముందుగా ఒక చిన్న రహస్య సంఖ్యతో తాళం వేస్తారు. అది 39 అంకెలకు మించదు. చిత్రం ప్రతి హాలుకూ ఒకే రకంగా వెళుతుంది. ఆ చిన్న రహస్య సంఖ్యను మాత్రం ఒక్కొక్క హాలుకు వేరు వేరుగా, ఆ హాలు యంత్రం చాటిన 617 అంకెల సంఖ్యతో మూసి పంపుతారు. ఈ తేదీన ఈ గంటనుంచి ఆ తేదీన ఆ గంటవరకు మాత్రమే తెరవాలని గడువుకూడా అందులోనే వుంటుంది. ప్రక్క హాలుకు పంపినది ఈ హాలులో పనికిరాదు. గంట ముందు తెరుద్దామన్నా తెరుచుకోదు.

తెరిచే అంకె హాలు యంత్రంలోని ఒక భద్రమైన అరలో వుంటుంది. యజమానికి కూడా అది తెలియదు. ఎవరైనా అర విప్పి చూడబోతే ఆ అంకె తనను తాను చెరిపివేసుకుంటుంది. వెనుకటి ప్రతినిధికి నిద్ర రావచ్చు, మొహమాటం రావచ్చు. ఈ కాపలాదారుకు ఆ రెండూ లేవు.

మూసే అంకె మాత్రం రహస్యం కాదు. ఆ నిబంధనలలోనే వ్రాసి వుంది. అది ఏమిటో తెలుసా? 65,537! మల్లన మొత్తాన్ని కట్టిన ఏడు ఇటుకలలో ఒకటి. పదిహేడవ గడిలోని గింజలు 65,536. వాటికి ఒక్క గింజ కలిపితే ఈ సంఖ్య. ఇది ఎందుకు ఎంచుకున్నారంటే, ఒక సంఖ్యను 65,537 సార్లు వేసి హెచ్చవేయడానికి నిజంగా అన్ని గుణకారాలు అక్కరలేదు. వచ్చినదానిని దానితోనే హెచ్చవేస్తూ పదహారుసార్లు పోయి, చివర ఇంకొక్క గుణకారం చేస్తే చాలు. పదిహేడు మెట్లలో పని పూర్తి. గడి గడికి రెట్టించే చదరంగపు యుక్తే ఇక్కడా పనిచేస్తున్నది.

ఈ ప్రధాన సంఖ్యలను ఎక్కడ వెతుకుతారు?

617 అంకెల సంఖ్యకు రెండు ముక్కలు కావాలి. ఒక్కొక్కటి సుమారు 309 అంకెలు. హాలు హాలుకూ కొత్తవి కావాలి. అన్ని ప్రధాన సంఖ్యలు దొరుకుతాయా? కొదవలేదు. సంఖ్యలు పెద్దవవుతున్నకొద్దీ ప్రధాన సంఖ్యలు పలుచబడతాయి. ఎంత పలుచబడతాయో చెప్పే సూత్రాన్ని 1896లో ఇద్దరు గణితజ్ఞులు విడివిడిగా నిరూపించారు. ఆ సూత్రం ప్రకారం 309 అంకెల ప్రాంతంలో సగటున 710 సంఖ్యలకు ఒకటి ప్రధాన సంఖ్య. సరిసంఖ్యలను ముందే త్రోసివేస్తే 355కు ఒకటి. గుడ్డిగా ఒక సంఖ్య ఎంచుకుని, కాకపోతే తరువాతిది చూస్తూ పోతే కాసేపటికే దొరుకుతుంది.

కాని ప్రధాన సంఖ్య అవునో కాదో తెలిసేదెలా? విడదీసి చూడడం అసాధ్యమని ఇప్పుడే కదా అనుకున్నాము! ఇక్కడే ప్రధాన సంఖ్యల సుగుణం ఒకటి ఆదుకుంటుంది. 1640లో ఫెర్మా అనే ఫ్రెంచి న్యాయాధికారి దానిని గమనించాడు. ఏడును తీసుకోండి. దానికంటె ఒకటి తక్కువ, అనగా ఆరుసార్లు రెండును హెచ్చవేస్తే 64. ఏడు చేత భాగిస్తే శేషం 1. రెండును మించిన ప్రతి ప్రధాన సంఖ్యకూ ఇలాగే ఒకటి మిగులుతుంది. తొమ్మిదితో చూడండి: రెండును ఎనిమిదిసార్లు హెచ్చవేస్తే 256, తొమ్మిది చేత భాగిస్తే శేషం 4. కనుక తొమ్మిది ప్రధాన సంఖ్య కాదు. ముక్కలు చూడకుండానే తీర్పు చెప్పవచ్చు.

ఐతే ఈ పరీక్షలో కాపీ కొట్టి నెగ్గేవారు కూడా వున్నారు. 341 అటువంటిది. అది 11, 31ల లబ్ధం. అయినా రెండుతో పరీక్షిస్తే ప్రధాన సంఖ్యలాగే ఒకటి మిగులుస్తుంది. అందుకని ఇంకా గట్టి పరీక్షలు పెట్టి వడకట్టుతారు. ఏ సందేహమూ మిగలకుండా, సంఖ్య పొడవుకు తగినంత పరిమిత కాలంలో తీర్పు చెప్పే పద్ధతి వుందా అన్నది చాలాకాలం తేలలేదు. 2002లో దానిని తేల్చినది మన దేశంవారే. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆచార్యుడు మణీంద్ర అగ్రవాల్, ఆయన శిష్యులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి కనుక్కున్న ఆ పద్ధతిని ప్రపంచమంతా మెచ్చుకున్నది.

తారలు, జూనియర్ ఆర్టిస్టులు

పత్రికలలో అప్పుడప్పుడు పడే వార్త ఒకటుంది: ప్రపంచంలో కెల్లా పెద్ద ప్రధాన సంఖ్య దొరికిందని. 2024 అక్టోబరులో అటువంటిది దొరికింది. ల్యూక్ డ్యురాంట్ అనే అమెరికన్ పదిహేడు దేశాలలోని కంప్యూటర్లను పనిలోకి దింపి వెతికించాడు. బొమ్మలు చూపడానికి పుట్టిన గ్రాఫిక్స్ చిప్పులే అందులో పనిచేశాయి. మన చదరంగపు పలకను 13,62,79,841 గడులకు పెంచితే వచ్చే మొత్తమే ఆ సంఖ్య. అంతకుముందు 2018లో దొరికినదానికి 2,48,62,048 అంకెలు. దీనికి 4,10,24,320 అంకెలు!

ఇటువంటి వారపత్రికలో పేజీకి నాలుగువేల అంకెల చొప్పున అచ్చు వేస్తే 10,257 పేజీలవుతుంది. సంచికకు యాభై పేజీలూ దానికే యిచ్చినా 206 వారాల సీరియల్. దాదాపు నాలుగేళ్ళు! కథలో మలుపులుండవు గాని, చివరి అంకె ఏదో మాత్రం ఇప్పుడే చెప్పవచ్చు. రెండును హెచ్చవేస్తూ పోతే చివరి అంకెలు 2, 4, 8, 6గా తిరుగుతుంటాయి. 13,62,79,841ని నాలుగు చేత భాగిస్తే ఒకటి మిగులుతుంది. కనుక చివర 2. ఒకటి తీసివేస్తే 1. సీరియల్‌లో చివరి అంకె ఒకటి.

ఇంత ఘనమైన సంఖ్యను సినిమా తాళానికి వాడవచ్చా? వాడకూడదు. అది అందరికీ తెలిసిన ముఖం. గోడమీద పోస్టరు పడిన తార రహస్య వేషంలో తిరగలేదు కదా! తాళానికి కావలసినవి ఎవరూ పేరు పెట్టి పిలవని 309 అంకెల సంఖ్యలు. ఫిల్మ్ నగర్‌కు దగ్గరలోనే కృష్ణానగర్ వుంది. తెల్లవారకముందే అక్కడ జూనియర్ ఆర్టిస్టులు పిలుపుకోసం ఎదురుచూస్తారు. తెరమీద వారి పేర్లు పడవు. వారు లేకపోతే సన్నివేశం నిండదు. ప్రధాన సంఖ్యలలోనూ ఆ తేడా వుంది. తార పేరు పత్రికలో పడుతుంది. తాళాన్ని మోసేది పేరులేనిది.

నిరూపణ లేని నమ్మకం

ఇంతవరకు చదివిన పాఠకులకు ఒక ధైర్యం కలిగివుంటుంది. ఇప్పుడు ఒక అధైర్యపు సంగతి చెప్పాలి. పెద్ద సంఖ్యను విడదీయడం కష్టమని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. ఎందరో ప్రయత్నించి, వేగంగా విడదీసే దారి దొరకక, కష్టమని నమ్ముతున్నారు, అంతే. యూక్లిడ్ మాటకు నిరూపణ వుంది. ఫెర్మా మాటకు నిరూపణ వుంది. సినిమా తాళానికి వున్నది మాత్రం నమ్మకం.

1977లో ఆ ముగ్గురు యువకులు 129 అంకెల సంఖ్య ఒకటి ప్రకటించి, విడదీసినవారికి వంద డాలర్లు బహుమతి అన్నారు. కోట్ల కోట్ల సంవత్సరాలు పడుతుందని అప్పటి అంచనా. 1994లో, పదిహేడేళ్ళకే, సుమారు ఆరువందలమంది తమ కంప్యూటర్లను కలిపి దానిని విడదీశారు. 2020లో 250 అంకెల సంఖ్య విడిపోయింది. 617 అంకెలకు ఇంకా చాల దూరం వుంది. కాని అంచనాలు తారుమారు కావడం చూశాము.

1994లోనే పీటర్ షోర్ అనే అమెరికన్ గణితజ్ఞుడు ఇంకొక మాట చెప్పాడు. క్వాంటం కంప్యూటర్ అనే కొత్తరకం యంత్రం తగినంత పెద్దది తయారైతే, ఈ విడదీత తేలిక అవుతుందని ఆయన చూపాడు. 2001లో అటువంటి చిన్న యంత్రం ఒకటి 15ను 3, 5గా విడదీసింది. చదరంగపు పలకమీద నాలుగవ గడి మొత్తం! అరవైనాలుగవ గడికి ఇంకా దూరమే. అయినా ముందుచూపుతో 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ వేరే రకం గణితంతో చేసిన కొత్త తాళాల నమూనాలు ప్రకటించింది. అమరావతిలో క్వాంటం వ్యాలీ నెలకొల్పుతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. తాళం హైదరాబాదులో, దానిని ఒకనాడు విప్పగల విద్య అమరావతిలో. ఇది తెలుగువారి ఇంటి సంగతే అవుతున్నది.

ఇంకొక మాట. సంఖ్య తాళం కాయగలిగినదానినే కాస్తుంది. 2013లో 'అత్తారింటికి దారేది' చిత్రం విడుదలకు కొన్ని రోజుల ముందే సుమారు సగం బయటికి వచ్చింది. అప్పుడు ఓడినది ప్రధాన సంఖ్య కాదు. తాళం పడకముందే ప్రతి ఒకటి చేతులు దాటింది. హాలులో కూర్చుని ఫోను ఎత్తి తెరను చిత్రీకరించేవాడినీ ఏ గణితమూ ఆపలేదు. పెట్టెకు తాళం లెక్క వేస్తుంది. మనిషికి తాళం మనిషే వేసుకోవాలి.

ఇంగ్లీషు గణితజ్ఞుడు హార్డీ మన రామానుజన్‌ను లోకానికి చూపినవాడు. సంఖ్యాశాస్త్రం ఏ యుద్ధానికీ పనికిరాలేదని 1940లో తన పుస్తకంలో సంతృప్తిగా వ్రాసుకున్నాడు. ఆ పనికిరాని విద్య నేడు బ్యాంకు సొమ్మును, ప్రభుత్వ రహస్యాలను, శుక్రవారంనాటి మన సినిమాను కాస్తున్నది. చదరంగపు గింజలు లెక్కపెట్టిన మల్లన దీనిని కలగని వుండడు. లెక్క బాగుందని లెక్కపెట్టినవారు అందరూ అంతే.

చివరగా ఇంటిల్లిపాదికీ ఒక ఆట. 6,557 అనే సంఖ్య రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం. అవి ఏవి? ఒకరు గడియారం పట్టుకోండి, ఒకరు విడదీయండి. ముక్కలు దొరికిన తరువాత ఇంకొకరిచేత వాటిని హెచ్చవేయించి, ఆ సమయమూ చూడండి. జవాబు వచ్చే వారం సంచికలో వెయ్యము. సరి అయినదో కాదో మీ గుణకారమే చెబుతుంది.